ఓరుగల్లు వియ్యాల పటం: చుక్క పెట్టని ఇండ్లు

చరిత్ర అంటే రాజుల వంశావళి కాదని మనం చాన్నాళ్ళుగా అంటున్నాం. నిజమే. అయితే ఆ వంశావళిని అవతల పారేసే ముందు ఒకసారి వేరే తీరుగా చదివి చూడాలె. మనిషికో చుక్క పెట్టి, బంధుత్వానికో గీత గీస్తే, ఎవరు ఎవరి మీదుగా ఎవరికి అందుతారో పటంలో తేలుతుంది. దీన్నే నెట్‌వర్క్ విశ్లేషణ అంటున్నారు. 1993లో పాడ్జెట్, ఆన్సెల్ అనే పరిశోధకులు 15వ శతాబ్దపు ఫ్లారెన్స్ కుటుంబాల పెళ్ళిళ్ళు, వ్యాపారాలు ఇట్లనే గీసిండ్రు. మెడిచి ఇంటి బలం ఒక్క డబ్బులోనే లేదు, ఒకరికొకరు పొత్తులేని ఇండ్లు ఆ ఇంటి ద్వారానే కలవాల్సి రావడంలో ఉందని చూపించిండ్రు.

ఓరుగల్లుకు ఆ పని చేయడానికి శాసనాలున్నాయి. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనం కాకతీయుల తొలి తరాలను వెన్నడి నుంచి వరుసగా చెప్తుంది. వేయించింది గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ, నతవాడి రుద్రుని భార్య. మెట్టినింటికి పోయిన ఆడబిడ్డ పుట్టింటి వరుస రాతిలో నిలబెట్టింది. గణపతిదేవుని (1199–1262) చుట్టూ గీతలు గీయండి. తోబుట్టువుతో నతవాడి వాళ్ళు, భార్యలు నారాంబ, పేరాంబలతో జాయప సేనాని ఇల్లు, బిడ్డ గణపాంబతో కోట వాళ్ళు, ఇంకో బిడ్డ రుద్రమదేవితో నిడదవోలు చాళుక్యులు. కత్తితో గెలిచిన తీరాన్ని వియ్యంతో కట్టేసుకున్నారన్న మాట. ఇంకా వెనక్కి పోతే జనగామ ప్రాంతపు గూడూరు శాసనం, కాకతి బేతరాజును నిలబెట్టింది విరియాల కామసాని అంటుంది. పాఠ్యపుస్తకంలో రాజు పేరు కింద తోకలా ఉండే ఆడవాళ్ళు ఈ పటంలో కీళ్ళ దగ్గర కనిపిస్తారు.

కొన్ని శాసనాలు కాకతీయులను చతుర్థ కులం అనే అంటాయి. ఆ కాలపు శాసనాల మీద సింథియా టాల్బట్ 2001లో తెచ్చిన పుస్తకం ఇంకో సంగతి చెప్తుంది. రెడ్డి, నాయకుడు, బోయ వంటివి అప్పట్లో పుట్టుకతో అతుక్కున్న పేర్లు కావు, తండ్రికి ఒకటీ కొడుక్కి ఒకటీ ఉండొచ్చు. విలువైన మాటే. కానీ దీన్ని పట్టుకొని "ఆనాడు కులం ఇంత లేదు" అని సంబరపడేవాళ్ళున్నారు. వాళ్ళను ఒకటే అడగాలె: ఆ సడలింపు ఎవరి మధ్య? దానమివ్వడానికి భూమో పశువులో ఉన్నవాళ్ళ మధ్య.

బయ్యారం చెరువు కట్ట మీద మట్టి మోసిందెవరు? భూపాలపల్లి దగ్గర ఘనపురంలో గణపసముద్రం తవ్విందెవరు? వాళ్ళకు అత్తలు లేరా, అల్లుళ్ళు లేరా? మన పటంలో వాళ్ళకు చుక్కే లేదు. అది రాయించే స్థోమత లేక వచ్చిన ఖాళీ. దాని పక్కన రెండో రకం ఖాళీ ఉంది: చుక్కలుండీ గీత గీయనివ్వనిది. కులానికి ప్రాణం లోపలి పెళ్ళేనని అంబేద్కర్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలో చెప్పిండు. ఫ్లారెన్స్‌లో లేని గీత అంటే కుదరని సంబంధం కావొచ్చు. ఇక్కడ అది నిషేధం. 12వ శతాబ్దపు కల్యాణ నగరంలో చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి బ్రాహ్మణ మధువరసు బిడ్డనిచ్చారనీ, ఆ ఒక్క గీతకు ఇద్దరు వియ్యంకులనూ చంపారనీ శరణుల సంప్రదాయం చెప్తుంది. ఈ రెండు ఖాళీలనూ కలిపేసి "ఆధారాలు లేవు" అని దాటేయడం కంప్యూటర్ చేసే తప్పు కాదు, మనిషి చేసేదే.

మరి వాడ బంధుత్వాలు ఎక్కడ దొరుకుతాయి? మాదిగల ఆశ్రితులైన డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్తారు, ఇంటిపేర్లు, గోత్రాలు ఒప్పజెప్తారు. మిరాశీ ఊళ్ళు వాళ్ళ కుటుంబాల మధ్య పంపకమై ఉంటాయి. ఆ ఊళ్ళ వరుసే ఒక పటం. దాన్ని తీసుకపోయి 13వ శతాబ్దానికి అతికించలేం, అతికించొద్దు కూడా. మన తాతల కాలానికైతే అందుతుంది. ఈ మూడు జిల్లాల్లో పని మొదలుపెట్టే విద్యార్థులు డక్కలి పెద్దల దగ్గర ఏ ఊరు ఎవరి మిరాశో రాసుకోవాలె. తర్వాత చెరువు కట్టకు పోయి, తూము కాడ నీరటి పని తండ్రి నుంచి కొడుక్కు పోయిందా, ఇల్లరికపు అల్లునికి పోయిందా, ఆ అల్లుడు ఏ ఊరి నుంచి వచ్చిండో అడగాలె.