శ్రీమాత – దేవమాత: గోదావరీతీరమున మాతృభక్తి రెండు మార్గములు

॥ శ్రీమాత్రే నమః ॥

విద్య ముగించి గృహమునకు మరలుచున్న శిష్యునికి ఆచార్యుడు చేసిన ఉపదేశము తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఉన్నది. దైవభావముతో చూడదగినవారిని చెప్పుచు ఆచార్యుడు మొదట తల్లిని పేర్కొనెను. తండ్రి, ఆచార్యుడు, అతిథి ఆ తరువాతివారు. మానవుడు మొదట ఎరిగినది తల్లిని గనుక, పరతత్త్వమును తల్లిగా భావించుట అతనికి సహజము. ఈ సహజభావము ఒక్క మతమునకు పరిమితమైనది కాదు.

విజయవాడ నగరమున రెండు కొండలు దీనికి సాక్షులు. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ కొలువై ఉన్నది. గుణదల కొండపై 1924లో ప్రతిష్ఠింపబడిన మరియమాత విగ్రహమున్నది. ఆశ్వయుజమాసమున ఒక కొండకు, ఫిబ్రవరి 9 నుండి 11 వరకు మరియొక కొండకు జనప్రవాహము సాగును. గుణదలలోనూ తలనీలాలు సమర్పించువారు, కొబ్బరికాయ కొట్టువారు కనబడుదురు. దీనిని చూచి కొందరు "ఇద్దరూ ఒకే అమ్మ" అందురు. మరికొందరు "అది మన ఆచారమునకు అనుకరణ" అని తీసివేయుదురు. మొదటి మాట ఔదార్యముతో పుట్టినది, రెండవది అసూయతో పుట్టినది. రెండింటిలోనూ విచారణ లేదు. జిజ్ఞాసువు అడుగవలసిన ప్రశ్న వేరు: భక్తుడు "అమ్మా" అని పిలిచినపుడు, ఆ పిలుపునకు బదులిచ్చునది ఎవరని ఆయా సంప్రదాయములు చెప్పుచున్నవి?

కోనసీమలో అమ్మవారి నాలుగు బాంధవ్యములు

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో జగన్మాతను భక్తులు నాలుగు విధములుగా చుట్టరికము కలిపి కొలుచుచున్నారు.

అమలాపురమున సుబ్బాలమ్మ గ్రామదేవత. ఆమె ఊరికి తల్లి. మురమళ్ళలో వీరేశ్వరస్వామి సన్నిధిని భద్రకాళి పత్ని. దక్షయజ్ఞధ్వంసానంతరము చల్లారని వీరభద్రుని ఉగ్రతను అమ్మ కన్యారూపమున వచ్చి శమింపజేసెనని స్థలపురాణము. అందుచేతనే అక్కడ నిత్యకల్యాణము. అంతర్వేదిలో అశ్వారూఢాంబికను జనులు గుర్రాలక్క అని పిలుతురు. ఆమె లక్ష్మీనరసింహస్వామికి సోదరి. మాఘశుద్ధ దశమినాడు స్వామి కల్యాణమైన పిదప, భీష్మైకాదశినాటి రథోత్సవమున రథము ఆమె గుడి యొద్ద ఆగును. పుట్టింటివారు ఆడపడుచునకు పెట్టినట్లు చీర, సారె ఇచ్చెదరు.

నాలుగవది ర్యాలి. అక్కడి జగన్మోహినీకేశవస్వామి మూర్తి ఏకశిల. ముందు నిలిచిన భక్తునికి శంఖచక్రధారియైన కేశవుడు దర్శనమిచ్చును. ప్రదక్షిణగా వెనుకకు వచ్చినచో, జడతో సహా మోహినీరూపము గోచరించును. తల్లి, పత్ని, సోదరి అను మూడు చుట్టరికములకు పైన ర్యాలి చెప్పునది సిద్ధాంతము: స్త్రీరూపము, పురుషరూపము ఒకే శిలకు రెండు ముఖములు.

ఈ సిద్ధాంతమునకు మూలము శ్రుతిలోనే ఉన్నది. ఋగ్వేదము దశమమండలములోని 125వ సూక్తమునకు ద్రష్ట అంభృణమహర్షి పుత్రిక వాక్కు. ఆమె మానవస్త్రీ. ఆ సూక్తమున ఆమె తనను తాను సర్వాధీశ్వరిగా, దేవతలనందరిని భరించుదానిగా పలికినది. మార్కండేయపురాణాంతర్గతమైన దేవీమాహాత్మ్యమున, సకల దేవతల తేజస్సులు ఒక్కటై దేవిగా వెలసినవి. లలితాసహస్రమున మొదటి నామమే శ్రీమాత. ఈ సంప్రదాయమున అమ్మకు పైన మరియొకరు లేరు. ఆమెయే గమ్యము.

దేవమాత: క్రైస్తవమున మరియమ్మ స్థానము

క్రైస్తవ సంప్రదాయమున మరియమ్మ గలిలయలోని నజరేతు గ్రామమునకు చెందిన మానవకన్య. లూకా సువార్తలో దేవదూత సందేశమును విని ఆమె తనను ప్రభువుయొక్క దాసిగా చెప్పుకొనును. బంధువైన ఎలీసబెతు ఇంట ఆమె పాడిన స్తుతిగీతమున, దేవుడు బలవంతులను సింహాసనముల నుండి దించి దీనులను పైకెత్తెనని కీర్తించును. అంభృణపుత్రిక తానే ఈశ్వరినని పలికినది. మరియమ్మ ఈశ్వరుని దాసినని పలికినది. ఈ రెండు వాక్కుల మధ్యనున్న అంతరమే రెండు భక్తుల అంతరము.

అయినను ప్రజల హృదయము దాసిత్వముతో తృప్తి చెందలేదు. నాలుగవ శతాబ్దమున అరేబియా ప్రాంతమున కొందరు స్త్రీలు మరియమ్మకు రొట్టెలు నైవేద్యముగా పెట్టుచుండగా, ఎపిఫానియుసు అను బిషప్ తన గ్రంథమున దానిని ఖండించెను. ఆమె గౌరవింపదగినది, ఆరాధన మాత్రము దేవునికే చెందునని ఆయన నిర్ణయము. 431లో జరిగిన ఎఫెసు మహాసభ ఆమెకు "థియోటోకోస్", అనగా దైవజనని అను బిరుదును స్థిరపరచెను. ఆ బిరుదు ఆమెను దేవతగా చేయుటకు ఇచ్చినది కాదు. ఆమె గర్భమున జన్మించినవాడు నిజముగా దేవుడే అని చెప్పుటకు ఇచ్చినది. క్రమముగా కతోలిక శాస్త్రజ్ఞులు మూడు పదములతో హద్దు గీసిరి: దేవునికి మాత్రమే చెందు ఆరాధన లాత్రియా, పునీతులకు చెందు గౌరవము దూలియా, మరియమ్మకు చెందు విశేషగౌరవము హైపర్‌దూలియా. ఆమె పునీతులందరికి పైన, దేవునికి క్రింద.

గుణదల క్షేత్రము ఫ్రాన్సులోని లూర్దు క్షేత్రమునకు ప్రతిరూపము. 1858 ఫిబ్రవరి 11న అక్కడ బెర్నదెత్ అను పేదబాలికకు గుహలో మరియమ్మ మొదటి దర్శనము కలిగెనని కతోలికుల విశ్వాసము. అందుచేతనే గుణదల ఉత్సవము ఆ తేదీకి ముగియును.

నామావళి చెప్పు రహస్యము

ఈ భేదమును గ్రహించుటకు శాస్త్రగ్రంథములు తిరుగవేయనవసరము లేదు. రెండు పూజలలోని నామావళులను వినిన చాలును.

అమ్మవారి అష్టోత్తరమున, సహస్రనామార్చనమున ప్రతి నామము చతుర్థీవిభక్తిలో నిలిచి "నమః" తో ముగియును. పుష్పము, కుంకుమ ఆమె పాదములనే చేరును. కతోలికులకును మరియమ్మ నామావళి కలదు. ఇటలీలోని లొరేతో క్షేత్రము పేరిట ప్రసిద్ధమైన ఆ ప్రార్థనను 1587లో అయిదవ సిక్స్తుసు పోపు ఆమోదించెను. అందులో ఆమెకు కన్యక, రాణి, ఉదయతార వంటి బిరుదులు వరుసగా వచ్చును. వినుటకు మన నామావళివలెనే ఉండును. కాని ప్రతి నామమునకు భక్తులు చెప్పు బదులు వేరు: మా కొరకు ప్రార్థింపుమని వేడుదురు. ఒకచోట నమస్కారము ఆమె యందే ఆగును. మరియొకచోట విన్నపము ఆమె ద్వారా ముందుకు సాగును.

జపమాల విషయమును అటువంటిదే. తెలుగు కతోలికులు తమ మాలికను మన పదముతోనే జపమాల అందురు. దానిని పది పది పూసలుగా విభజించి, మరియమ్మకు వందనము చెప్పుచు, మనస్సున క్రీస్తు జీవితఘట్టములను ధ్యానింతురు. అనగా నాలుకపై తల్లి, ధ్యానమున కుమారుడు. శ్రీవిద్యోపాసకునికి జపమున, ధ్యానమున ఉన్నది ఒకే అమ్మ.

సమీపమైన పోలిక: పురుషకారము

కనుక మరియమ్మను దుర్గతో పోల్చుట ఉభయులకును సరిపోదు. ఆమెకు నిజముగా సమీపమైన భావన శ్రీవైష్ణవమున ఉన్నది. లక్ష్మీదేవి జీవుని పక్షమున స్వామితో మాట్లాడి అపరాధములను మన్నింపజేయును. దీనికి పురుషకారము అని పేరు. రావణవధానంతరము హనుమంతుడు తనను బాధించిన రాక్షసస్త్రీలను శిక్షింపబూనగా సీతమ్మ వారించిన ఘట్టమును ఆచార్యులు దీనికి దృష్టాంతముగా చూపుదురు. తప్పు చేసినవారి పక్షమున నిలుచుటయే తల్లితనము.

ఇక్కడను మన ఆచార్యులలో విచారణ జరిగినది. పిళ్ళైలోకాచార్యుల సంప్రదాయము లక్ష్మిని జీవకోటిలో చేర్చి, సిఫారసు చేయు తల్లిగా నిలిపినది. వేదాంతదేశికుల సంప్రదాయము ఆమెను స్వామితో సమానముగా, ఉపాయస్వరూపిణిగానే అంగీకరించినది. తల్లి సిఫారసు మాత్రమే చేయునా, తానే రక్షించునా అన్న ప్రశ్న శ్రీరంగమున, కాంచీపురమున, రోమున కూడ పండితులను ఆలోచింపజేసినది. హార్వర్డ్ ఆచార్యుడు, జెస్యూట్ గురువు అయిన ఫ్రాన్సిస్ క్లూనీ 2005లో ప్రకటించిన గ్రంథమున పరాశరభట్టరుల శ్రీగుణరత్నకోశమును, సౌందర్యలహరిని మరియమ్మ స్తోత్రముల ప్రక్కన ఉంచి చదివినది ఈ దృష్టితోనే.

పోలిక ఇంత దగ్గరకు వచ్చియు ఒక గడప యొద్ద ఆగును. గోదావరికి ఆవల పెనుగొండలో వాసవీకన్యక అగ్నిప్రవేశము చేసి కన్యకాపరమేశ్వరి అయినది. పెనుగంచిప్రోలున తిరుపతమ్మ మానవస్త్రీగా జీవించి దేవతగా పూజలందుకొనుచున్నది. తెలుగునేలపై సాధ్వి దేవత యగుట వింత కాదు, ఏలయన ఆమెలో మొదటినుండి ఉన్నది పరాశక్తియే అని మన విశ్వాసము. కతోలికులు మరియమ్మను పరలోకరాణి అందురు. దేవత అని మాత్రము ఎన్నటికిని అనరు. ఆ గడపను దాటించుట మన ఔదార్యమైనను, వారి విశ్వాసమునకు అపచారమే.

కోనసీమలో మరియమ్మ ఏల అరుదు?

కోనసీమ గ్రామములలో క్రైస్తవులు అనేకులున్నను, మరియమాత గుడి అరుదుగా కనబడును. దీనికి కారణము చరిత్రలో ఉన్నది. కోనసీమను ఆనుకొని, ఫ్రెంచి పాలనలో ఉండిన యానాంలో కతోలిక దేవాలయము 1846 నాటిది. అది మరియమ్మ తల్లియైన పునీత అన్నమ్మ పేర వెలసినది. కాని బ్రిటిషు పాలనలోని డెల్టాలో మొదట పాదుకొన్నది వేరొక శాఖ. 1836లో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను బ్రెదరన్ మిషనరీలు నరసాపురము, పాలకొల్లు కేంద్రములుగా గోదావరి డెల్టా మిషనును స్థాపించిరి. రాజమహేంద్రవరమున లూథరన్లు, కాకినాడలో బాప్టిస్టులు వచ్చిరి. వీరందరు సంస్కరణవాదులు. వీరి మందిరములలో మరియమ్మకు ప్రార్థన లేదు. బ్రెదరన్ మందిరములలో విగ్రహము, చిత్రపటము సైతము ఉండవు.

ఆ మందిరములలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కులములవారు. వారికి అమ్మ క్రొత్తది కాదు. తెలుగుదేశమున అనేక గ్రామదేవతల జాతరలలో ఆసాదుల పాట, మాతంగి నృత్యము లేక క్రతువు పూర్తి కాదు. 1916లో గ్రామదేవతలపై గ్రంథము ప్రకటించిన మద్రాసు బిషప్ వైట్‌హెడ్ వంటివారు కూడ ఈ ఆచారములను నమోదు చేసిరి. జాతరలో అమ్మను పూనిన స్త్రీకి, మరునాడు ఆగమోక్త దేవాలయ గోపురము దాటు అధికారము లేదు. మద్రాసు రాష్ట్రమున దేవాలయప్రవేశ చట్టము వచ్చినది 1947లో. అంతవరకు శ్రీమాత బిడ్డలలో కొందరు ఆమె వాకిట వెలుపలనే నిలిచిరి. వారిలో అనేకులు మరియొక వాకిలి తెరచియుండగా లోనికి పోయిరి. అక్కడ వారికి అక్షరము, పంక్తిలో స్థానము లభించినవి. మాతృమూర్తి మాత్రము లభింపలేదు. అయితే మరియమ్మకు పూజ లేని ఆ మందిరములలోను, దీనులను పైకెత్తు దేవుని గూర్చి ఆమె పాడిన గీతము లూకా సువార్తలో చదువబడుచునే ఉన్నది.

ఈ చరిత్రను ఎరుగక "వారు అమ్మను విడిచిపోయిరి" అని నిందించుట ధర్మము కాదు. అమ్మ ఎవరిని వెలుపల నిలుపలేదు. ఆమె పేర తలుపు వేసినది మనుష్యులు.

ఫలితార్థము

రెండు మార్గములలోను పిలుపు ఒకటే, బాధ ఒకటే. జ్వరముతో ఉన్న బిడ్డను ఎత్తుకొని సుబ్బాలమ్మ గుడికి వచ్చిన తల్లికి, గుణదల మెట్లెక్కిన తల్లికి కన్నీటిలో భేదము లేదు. సిద్ధాంతమున భేదమున్నది. ఒకరికి అమ్మయే పరబ్రహ్మము. మరియొకరికి అమ్మ పరమాత్ముని సన్నిధిలో తమకై నిలిచి వేడు పునీత. ఆ భేదమును చెరిపివేసినచో ఉభయుల భక్తియు పలుచబడును. దానిని ద్వేషమునకు సాధనము చేసినచో ఉభయుల తల్లియు అవమానింపబడును.

ర్యాలి మూర్తికి ప్రదక్షిణ చేయువానికి ఒక్కచోట నిలిచి రెండు ముఖములు కనబడవు. నడువవలయును. అన్యుల భక్తిని తెలిసికొనుటయు అటువంటిదే. తన అమ్మను పూర్ణముగా నమ్మినవానికి, పొరుగువాని తల్లి ముందు వినయముగా నిలుచుటకు భయముండదు.

ఇతి శమ్.