అల్సేషియన్ కడుపు, వాచ్‌మన్ మీద నింద

సినిమావాళ్ళు మద్రాసు వదిలి హైదరాబాదు కొండలెక్కడం ఒక్కరోజులో జరగలేదు. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో వచ్చింది, ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్ 1989లో. జూబ్లీహిల్స్ గేటు మీద "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డుంటే లోపల అల్సేషియనే అని ఆ తరం లెక్క. సినిమాలో విలన్ ఇంట్లోనూ అదే కదా! దాని కోరల సంగతి అందరికీ తెలిసిందే, నేను చెప్పబోయేది కడుపు సంగతి.

అసలు పేరు జర్మన్ షెపర్డ్. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి హోరాండ్ అనే కుక్కని కొని, దాన్నే మొదటి ఎంట్రీగా రాసి జాతి రిజిస్టర్ తెరిచాడు. మొదటి ప్రపంచయుద్ధం పుణ్యమా అని జర్మనీ పేరు గిట్టక బ్రిటిష్‌వాళ్ళు అల్సేషియన్ అన్నారు. 1977లో వాళ్ళు అసలు పేరుకి మళ్ళీ ఒప్పుకున్నారు, మనమే ఇంకా ఒప్పుకోలేదు :)

రూపం కోసం, నడక కోసం తరాల తరబడి దగ్గరి చుట్టాల్లోనే జతకట్టించారు. మేనరికాల గురించి మనకి వేరే చెప్పాలా? ఈ జాతిలో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది. కుక్క గిన్నెలకి గిన్నెలు తింటుంది, ఇంకా కావాలంటుంది, అయినా డొక్కలు తేలిపోతుంది. విరేచనం కుప్పలు కుప్పలుగా, జిడ్డుగా. తిండి అరిగించే ఎంజైములిచ్చే పాంక్రియాస్ గ్రంథిని ఒంట్లోని రక్షణ కణాలే నాశనం చేస్తాయి. ఇది వంశపారంపర్యమని ఫిన్లండ్ పరిశోధన 1980లోనే చెప్పింది. దాన్ని పట్టే రక్తపరీక్ష ఎంత నమ్మకమైనదో 1988లో తేలింది. ఎంజైము పొడి తిండిలో కలిపితే చాలా కుక్కలు కోలుకుంటాయి.

ఆ పరీక్ష తెలియని ఇంట్లో మొదటి అనుమానం ఎవరి మీద పడుతుంది? కుక్కకిచ్చిన మటన్ వాచ్‌మన్ తినేస్తున్నాడని! డిజైన్‌లో ఉన్న బగ్‌కి సపోర్ట్ టీమ్‌ని తిట్టినట్టన్నమాట.

ఇంకో రకం, ఏళ్ళ తరబడి వచ్చిపోయే విరేచనాలు. పేగుగోడలో బాక్టీరియాని గుర్తుపట్టే రిసెప్టర్లుంటాయి. ఈ జబ్బున్న జర్మన్ షెపర్డ్‌లలో ఆ రిసెప్టర్ల జన్యువుల్లో తేడాలున్నాయని 2010లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీవాళ్ళు చూపించారు. మనవాళ్ళేమో మెట్రోనిడజోల్ స్ట్రిప్పు మీద స్ట్రిప్పు. ఆపగానే మళ్ళీ మొదలు, పైగా పేగులోని మంచి బాక్టీరియా కూడా పోతుంది. చాలా కేసులు తిండి మారిస్తేనే కుదుటపడతాయి.

అన్నట్టు, పెరుగన్నాన్ని ఊరికే ఆడిపోసుకోకండి. తోడేళ్ళకన్నా కుక్కలకి పిండిపదార్థం అరిగించే జన్యువు కాపీలు ఎక్కువని 2013లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. కుక్క బాగా తింటూ కూడా చిక్కిపోతుంటే డాక్టర్‌ని ముందు ఆ రక్తపరీక్ష గురించి అడగండి. వాచ్‌మన్‌ని తర్వాత అడగొచ్చు.