బోరు: అనంతపురం అర్థం

సినిమా నచ్చని హైదరాబాదు కుర్రాడు ‘బోరు కొట్టింది’ అంటాడు. అదే మాట అనంతపురం పల్లెలో అంటే ‘ఎన్నడుగులకు?’ అని అడుగుతారు.

పాత ఇంగ్లీషులో ఇది తొలచడమనే అర్థమున్న క్రియ. విసుగు అనే అర్థం 18వ శతాబ్దంలో వచ్చి చేరింది. ఎలా చేరిందో నిఘంటుకారులు తేల్చలేదు. మన ‘బోరుమని ఏడవడం’తో దీనికి చుట్టరికం లేదు, సీమ రైతు ఒప్పుకోకపోయినా సరే.

అనంతపురంలో వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. కిందంతా గ్రానైటు, నైసు రాయి. నీరుంటే పైనున్న మెత్తటి పొరలో ఉండాలి, లేదా రాతి పగుళ్లలో. అందుకే మొన్నటిదాకా చెరువు, కాకుంటే ఎద్దులతో నీరు తోడే కపిల కట్టిన బావి. గడ్డపార రాతి దగ్గర ఆగిపోయేది. 1960ల చివర్లో కరువు సాయంగా యునిసెఫ్ మన దేశానికి తెప్పించిన యంత్రాల్లో గాలి ఒత్తిడితో ఆడే సుత్తి రంధ్రం అడుగునే దెబ్బ వేస్తుంది. దానికి రాయి గంటల్లో తెగింది. ఆ రంధ్రాల మీదే 1970లలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు కూర్చుంది. పల్లె దాన్ని ‘బోరింగు’ అంది. ఇంగ్లీషువాడు ఆవలించే మాట దగ్గర మన ఆడవాళ్లు బిందెలతో వరసకట్టారు.

తాగునీటికొచ్చిన పనిముట్టు సేద్యంలోకి దిగాక మాటకు కొత్త క్రియలు పుట్టాయి. బావి తవ్వుతారు, బోరు వేస్తారు, పాచికల్లాగే. ముందు ‘పాయింటు’ చూడాలి: అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ నిటారుగా లేచేచోట నీరుంటుందని నమ్మకం. ఆపైన రిగ్గు బండి వస్తుంది, తరచుగా తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి. కూలి అడుగు లెక్కన. నీళ్ల లెక్క మాత్రం లీటర్లలో కాదు, ‘రెండించులు పడినాయి’ అంటారు. పడకపోతే ఫెయిలు. ఎండిన బావి అడుగున వేస్తే ‘ఇన్‌వెల్ బోరు’.

వేరుశనగ ఎండితే ఒక పంటే పోతుంది. చీనీ (బత్తాయి) తోట ఎండితే ఏళ్ల పెంపకం పోతుంది. అందుకే ఒకటి ఫెయిలైనా అప్పుచేసి ఇంకొకటి వేస్తారు. పక్కవాడు లోతుకు పోతే తానూ పోవాల్సిందే. దీన్ని అదుపు చేయాలని 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది. 2020లో ప్రభుత్వమే ఉచితంగా బోర్లు వేస్తామని ‘వైఎస్సార్ జలకళ’ ప్రకటించింది. పథకం పేరులో బోరు లేదు. రైతు అర్జీ పెట్టుకున్నది మాత్రం బోరుకే.