రోహిణి కార్తెలో ఇల్లెక్కేవాళ్ళు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రం పక్కనే ఉన్న తొట్లకొండ మీద 1988–93 మధ్య పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల సీసం నాణేలు, రోమను వెండి నాణేలు దొరికాయి. ఆ నాణేల గురించి చాలామంది రాశారు. వాటితోపాటే బయటపడ్డ కాల్చిన మట్టి పెంకులను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. బౌద్ధ భిక్షువులు వానాకాలమంతా తిరగడం మానేసి ఒక్కచోటే ఉండాలన్నది వాళ్ళ నియమం. నెలల తరబడి వాన కింద ఒక్కచోట కూర్చోవాలంటే ముందు కావలసింది గట్టి కప్పు. అంటే ఈ ప్రాంతంలో మట్టిని కాల్చి ఇంటి మీద పరచడం రెండు వేల ఏళ్ళ నాడే తెలుసు. తెలిసినా అది విహారాలకే పరిమితమైంది. మామూలు జనం ఆ తరువాత కూడా శతాబ్దాల తరబడి తాటాకు కిందే బతికారు.

కొత్తవలస ఈ కథకు సరైన కూడలి. హౌరా–చెన్నై రైలు మార్గం నుంచి కిరండూల్ లైను చీలి కొండలెక్కేది ఇక్కడే. ఒక పక్క సింహాచలం కొండలు, ఇంకో పక్క శృంగవరపుకోట దాటగానే అనంతగిరి అడవులు. ఏడాదికి సగటున 1,100 మిల్లీమీటర్ల దాకా వాన కురిసే ప్రాంతం ఇది. నైరుతి వాన ఒక ఎత్తు, అక్టోబరు తుపాను మరొక ఎత్తు. ఇక్కడి ఇంటి కప్పు మొదటిదానికి కారకూడదు, రెండోదానికి ఎగరకూడదు. ఈ రెండింటికీ ఒకే మందు లేదు. వాన జారిపోవడానికి కప్పు నిటారుగా ఉండాలి. నిటారుగా ఉంటే గాలికి అడ్డం పడుతుంది.

దీనికి ఉత్తరాంధ్ర జనం కనిపెట్టిన ఉపాయం చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువులా నిలబెట్టిన వాసాలు, పైన తాటాకు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే ఎంతటివాడైనా నడుం వంచి లోపలికి వెళ్ళాల్సిందే. గోడకు మూల లేదు కాబట్టి గాలికి పట్టు దొరకదు. చూరు కిందికి ఉంది కాబట్టి వాన జల్లు మట్టిగోడను తడపదు. కొన్ని ఇళ్ళలో తాటాకుకు, గదికి మధ్య కర్రలు పరిచి మట్టి మెత్తిన అటక ఉండేది. ఎండాకాలంలో ఊరికి నిప్పంటుకుంటే పైన తాటాకు బూడిదైనా అటక కింద ధాన్యం గాదె, పెట్టె మిగిలేవి. కొండ మీది గదబల పాత ఇళ్ళు కూడా గుండ్రంగానే ఉండేవి. కాకపోతే వాటి మీద తాటాకు బదులు కొండగడ్డి. మైదానంలో తాడి దొరుకుతుంది, కొండ మీద గడ్డి దొరుకుతుంది. ఎక్కడ ఏది దొరికితే అదే కప్పు.

తాటాకు కప్పుకు ఆయుష్షు తక్కువ. రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. అందుకే ఆ పనికి ఊళ్ళో ఒక కాలం ఏర్పడింది. రబీ కోతలయ్యాక ఆకు కొట్టి, బరువు పెట్టి చదును చేసి ఆరబెట్టేవారు. జూన్ మొదట్లో మృగశిర కార్తె వచ్చి వాన పడేలోగా, రోహిణి ఎండల్లోనే పని పూర్తి కావాలి. ఇల్లు నేయడం అనేవారు దాన్ని. ఈ రోజు ఒకరింటికి పదిమంది, రేపు ఆ ఇంటివాళ్ళు ఇంకొకరింటికి. కట్లకు గోగునార వాడేవారు. చిట్టివలస, నెల్లిమర్ల జూటు మిల్లులకు బళ్ళ మీద వెళ్ళిన గోగు పంటలోంచే ఇంటి కప్పుకూ ఇంత నార పక్కన పెట్టుకునేవారు. పాత ఆకు విప్పినప్పుడే లోపలి కర్ర బాగోగులు తెలిసేవి. ఏ వాసం పుచ్చింది, ఏ పెండె విరిగింది, నిట్రాట మొదట్లో చెద పట్టిందా అని ఎవరూ ప్రత్యేకంగా పనిపెట్టుకుని చూడనక్కర్లేదు. విప్పితే కళ్ళ ముందే ఉంటుంది.

తాటాకు ఇంటి గురించి చెప్పుకోవలసిన అసలు సంగతి ఇదే. అది పేదవాడి కప్పు కావచ్చు గాని, తనిఖీ తప్పించుకోలేని కప్పు.

కర్ర సంగతి వేరే. తాడిచెట్టుకు చేవ లోపల ఉండదు, బయటి పొరలో ఉంటుంది. నడిమి భాగం పీచుగా, మెత్తగా ఉంటుంది. అందుకే బాగా ముదిరిన చెట్టునే కొట్టి, నిలువునా చీల్చి, మెత్తటి బెండు తీసేసి వాసాలు చేసేవారు. వెదురు కొండ నుంచి దిగేది. దాన్ని తెచ్చిన వెంటనే వాడితే పురుగు పడుతుంది. చెరువులో కొన్ని వారాలు ముంచి ఉంచితే కాండంలోని పిండిపదార్థం నీళ్ళలోకి పోతుంది, పురుగుకు తిండి ఉండదు. అమావాస్య రోజుల్లో కొట్టిన వెదురు పుచ్చదనే నమ్మకం ఇప్పటికీ ఉంది. అందులో నిజమెంతో గాని, చెరువు వైద్యం మాత్రం పనిచేస్తుంది. కలిగినవాళ్ళ లోగిళ్ళకు వేగిస, మద్ది, టేకు దూలాలు ఎడ్లబళ్ళ మీద వచ్చేవి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి మన సామెత తిట్టింది గాని, ఏటా ఒకసారి ఎవరో ఒకరు వాసాలు లెక్కపెట్టని ఇల్లు పదేళ్ళు నిలవదు.

పెంకుటిల్లు కుమ్మరి చలవ. గూనపెంకు తయారీ చూస్తే మొదట కుండ చేస్తున్నారేమో అనిపిస్తుంది. సారె మీద అడుగు లేని పొడుగాటి గొట్టం తీస్తారు, ఒక కొస కాస్త సన్నగా. పచ్చి కొంచెం ఆరాక దాన్ని నిలువునా చీలిస్తే రెండు పెంకులు. ఎండబెట్టి ఆములో కాలుస్తారు. ఒక వరుస బోర్లా, ఒక వరుస వెల్లకిలా. వెల్లకిలా పెట్టినది కాలువలా నీటిని కిందికి పంపుతుంది, బోర్లా పెట్టినది రెండు కాలువల మధ్య సందును మూస్తుంది. మేకు లేదు, కట్టు లేదు. పెంకు తన బరువుతోనే నిలబడుతుంది, లేదా పక్కదాని మీద ఆనుకుంటుంది. ఒక మోస్తరు ఇంటికే వేలల్లో పెంకులు కావాలి. అన్ని వేల చోట్ల ఏదో ఒకటి జారకుండా ఏడాది గడవదు. పిల్లి నడిచినా చాలు.

అందుకే గూనపెంకు ఇంటికి కూడా రోహిణిలో మనిషి ఎక్కాల్సిందే. కొప్పు నుంచి మొదలుపెట్టి వరుసలు విప్పుకుంటూ చూరు దాకా దిగి, పగిలినవి ఏరి, కొత్తవి కలిపి, మట్టి దులిపి మళ్ళీ పరుచుకుంటూ కొప్పు దాకా ఎక్కాలి. ఎక్కేవాడు పెంకు మీద అడుగు వేయడు. కింద వాసం ఎక్కడ ఉందో అంచనా కట్టి దాని మీదే బరువు మోపుతాడు. కొప్పు వరుసకు మాత్రం సున్నం పట్టించేవారు. పెద్ద ఇళ్ళలో ఆ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవారు. ఏటా పోయే పెంకుల లోటు తీర్చడానికి కుమ్మరి ఆము వెలిగేది. కుమ్మరికి బంకమట్టి ఇచ్చేది ఊరి చెరువు, ఆముకు పుల్లలు ఇచ్చేది ఊరి పక్క తుప్పలు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఇల్లు కారడం మొదలవుతుంది.

మొదటి లంకెను తెంపింది ఒక ఫ్యాక్టరీ పెంకు. ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో గిలార్డోని సోదరులు 1841లో ఒకదానిలో ఒకటి గాడిపడే పెంకుకు పేటెంటు తీసుకున్నారు. ఆ తరహా పెంకును 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన జర్మన్ మిషనరీ గేయోర్గ్ ప్లెబ్‌స్ట్ మంగళూరు దగ్గర జెప్పులో, నేత్రావతి నది బంకమట్టితో చేయించడం ప్రారంభించాడు. మంగళూరులో పుట్టిన ఆ పెంకును కోస్తా వాళ్ళు ఎందుకో బెంగుళూరు పెంకు అనే పిలుస్తున్నారు. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్య వేసిన పట్టాలతో ఇలాంటి బరువైన సరుకు దూరం నుంచి దిగడం తేలికైంది. గూనపెంకుల్లో సగం కన్నా తక్కువ లెక్కకే ఇల్లంతా కప్పేయొచ్చు. ఒకదాని గాడిలో మరొకటి కూర్చుంటుంది కాబట్టి పిల్లి నడిస్తే జారదు. రీపర్లు కొట్టడానికి వడ్రంగి ఉంటే చాలు, కుమ్మరితో పని లేదు. ఏటా విప్పి పరిచే పని కూడా తప్పింది. ఇంటాయన సుఖపడ్డాడు. ఇంటి మీదికి చూడటం మానేశాడు.

అడవి పక్క ఊళ్ళలో ఆ సుఖం ఎక్కువ కాలం సాగలేదు. కొండ అంచున ఇంటికి పట్టణంలో లేని శత్రువులుంటారు. కోతుల గుంపు ఒక్క పూట కప్పు మీద ఆడుకుంటే చాలు, పెంకులెత్తి లోపల ఏముందో చూసి అక్కడే పడేసి పోతాయి. మీదికి వంగిన చింత, పనస కొమ్మల నుంచి రాలిన ఆకు, రెండు కప్పులు కలిసే మూలన పేరుకుని కుళ్ళుతుంది. అక్కడ వాన నీరు నిలిచి పెంకు కింద రీపరు మెత్తబడుతుంది. నీడ పడే వైపు పాచి పట్టి పెంకుల సందులు మూసుకుంటాయి. తుమ్మెదలు వాసాలకు బొక్కలు వేస్తాయి, గబ్బిలాలు కొప్పులో కాపురం పెడతాయి. వీటన్నింటినీ మించినది చెద. అది పై నుంచి రాదు, గోడ లోపలి నుంచి ఎక్కి, వాసం కొస గోడలో ఆనే చోట పని మొదలుపెడుతుంది. బయటికి వాసం నున్నగానే కనబడుతుంది.

పాత వడ్రంగులు ఇలాంటి ఇంటిని చూసే తీరు ఇప్పటికీ పనికొస్తుంది. ముందు వీధిలోకి వెళ్ళి దూరం నుంచి కొప్పు గీత చూస్తారు. అది నడుమ కుంగితే వెన్నుదూలమో, దాన్ని మోసే గుంజో లొంగిందన్నమాట. తరువాత మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి లోపల నిలబడతారు. చీకట్లో సూది మొనల్లా వెలుగు ఎక్కడ దూరితే అక్కడ రేపు నీరు దూరుతుంది. నేల మీద గోధుమపిండి లాంటి పొడి రాలి ఉంటే సరిగ్గా దాని పైన పుచ్చు ఉన్నట్టే. గోడ మీద మట్టి గీత పైకి పాకితే చెద దారి. చివరికి ప్రతి వాసం కొసనూ సుత్తితో కొట్టి చూస్తారు. చేవగల కర్ర కంగుమంటుంది, తొర్రపడినది డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట ఉలి మొన గుచ్చితే ఎంత దిగిందో అదే తీర్పు. గోడలో దూరే కొసలకు తారు పూయడం రివాజు. పలాస జీడిపప్పు పరిశ్రమ ఉన్న సీమ కాబట్టి జీడిగింజ పెంకు నుంచి తీసిన నూనె కూడా ఈ పనికి అక్కరకొచ్చేది. చర్మం మీద పడితే పొక్కులెక్కించే ఆ నూనెను చెద కూడా ముట్టదు.

రెండో లంకె అడవి. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో గొడ్డలి మీద ఆంక్షలు మొదలయ్యాయి. విజయనగరం లాంటి జమీందారీల కింద ఉన్న అడవులు 1948 ఎస్టేటుల రద్దు చట్టం తరువాత ప్రభుత్వపరమయ్యాయి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. అడవి మిగలాలంటే ఆ కట్టడి అవసరమే, దాన్ని తప్పుపట్టలేం. కానీ పుచ్చిన ఒక్క వాసం మార్చడానికి బండి కట్టుకుని కొండకు పోయి తెచ్చుకునే రోజులు పోయాయి. కర్ర టింబర్ డిపోలో డబ్బు పెట్టి కొనే సరుకైంది. వాసం ధర చూసి మరమ్మతు వచ్చే ఏడాదికి వాయిదా పడేది, ఆ పై ఏడాదికీ పడేది.

ఆ సందులోంచి సిమెంటు రేకు దూరింది. 1946లో హైదరాబాదులో పుట్టిన కంపెనీ అమ్మిన చార్మినార్ రేకులు తెలుగునాట ఇంటింటి పేరయ్యాయి. నాలుగు గొట్టాలు, పది రేకులు, ఒక్క రోజు పని. ఆ రేకులో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంటి మీద కదలకుండా ఉన్నంతసేపు ముప్పు తక్కువ. కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ముతోనే ప్రమాదం. పాత రేకు మార్చాలంటే తడిపి, పగలకుండా దించాలి. మన దగ్గర మాత్రం పై నుంచి కిందికి విసిరేయడమే అలవాటు.

ఇక శ్లాబు. 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం పూరింటిని పక్కా ఇల్లుగా మార్చడమే లక్ష్యంగా పెట్టుకున్నాయి. ఏటా నిప్పుకు, గాలికి కప్పు పోగొట్టుకున్న కుటుంబాలకు అది చిన్న మేలు కాదు. తాటాకు అందాన్ని తలుచుకుని నిట్టూర్చే హక్కు దాని కింద వానలో తడిసినవాళ్ళకే ఉంది, వాళ్ళలో నిట్టూర్చేవాళ్ళు అరుదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. అలాంటి గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. కప్పు మీదుగా గాలి దూసుకుపోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గుతుంది, చూరు కింద దూరిన గాలి లోపల నుంచి ఎత్తుతుంది. కొక్కేలతో బిగించిన రేకు ఒకచోట లేస్తే మొత్తం లేచిపోతుంది. పెంకు కప్పు అంచుల్లో కొన్ని పెంకులు వదులుకుంటుంది, ఆ సందుల్లోంచి లోపలి గాలి బయటపడుతుంది, నడిమి భాగం చాలాసార్లు మిగులుతుంది. వాసాలు గట్టిగా ఉంటేనే. పుచ్చిన వాసం ఉన్న ఇంటికి పెంకు, రేకు తేడా లేదు. నాలుగేళ్ళకు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతం మీద విరుచుకుపడినప్పుడు జీడి, కొబ్బరి తోటలతోపాటు ఇంటి కప్పులూ పోయాయి.

ఇప్పుడు పెంకుటిల్లు నిలుపుకోవాలనుకునేవాళ్ళు వెతికేది పెంకును కాదు, మనిషిని. పెంకు దొరుకుతుంది. కూల్చేసిన ఇళ్ళ నుంచి దింపిన పాత బెంగుళూరు పెంకులను రిసార్టులకు, ఫామ్‌హౌసులకు కొనుక్కుపోతున్నారు. బాగా కాలిన పాత పెంకుకు గిరాకీ ఉంది. లేనిది పెంకు పగలకుండా వాసం మీద అడుగేసి నడవగలిగినవాడు. అందుకే మరమ్మతు తీరు కూడా మారింది. వాసాల చోట ఇనుప గొట్టాలు, రీపర్ల చోట సన్నటి ఇనుప పట్టీలు వెల్డింగు చేసి, వాటి మీద ఒక షీటు పరిచి, పైన పాత పెంకులే తిరిగి పేరుస్తున్నారు. చెద బెడద తీరుతుంది. కోతి పెంకు ఎత్తినా షీటు వాన ఆపుతుంది. కానీ ఆ షీటు వల్ల మధ్యాహ్నం చీకట్లో వెలుగు చుక్కలు వెతికే పాత పరీక్ష పనిచేయదు. పెంకు పగిలిన సంగతి లోపలివాళ్ళకు తెలియదు. షీటు మీద నిలిచిన నీటికి ఇనుము తుప్పు పట్టి, గోడ మీద ఎర్రటి చార దిగేదాకా ఎవరూ నిచ్చెన వేయరు.