పళ్ళ లెక్క ఎక్కడ మొదలైంది?

ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే బండికి పికప్ వస్తుందన్న కిటుకు రేసులవాళ్ళదని చాలామంది రాస్తుంటారు. ఆధారాలు చూస్తే నాకలా తోచదు. గుట్టలెక్కడానికీ సైడ్‌కార్ లాగడానికీ పుట్టిన పని అది. పికప్ మోజు చాలా ఆలస్యంగా వచ్చి దాన్ని తనదిగా చేసుకుంది.

తొలి ఘట్టం తెలిసిందే. హాన్స్ రెనాల్డ్ 1880లోనే మాంచెస్టర్‌లో బుష్ రోలర్ చైన్ తయారుచేశాడు. అయినా తొలినాటి మోటారు సైకిళ్ళు చాలావరకు బెల్టుతో, ఒకే గేరుతో నడిచాయి. ఎత్తు వస్తే దిగి తోసుకోవడమే.

1911 దగ్గరే పేచీ. ఆ ఏడు ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసును స్నేఫెల్ కొండ మీదికి మళ్ళించారు. చైను, రెండు గేర్లతో వచ్చిన అమెరికా ఇండియన్ బళ్ళు సీనియర్ రేసులో మొదటి మూడు స్థానాలూ పట్టాయి. బెల్టు కథ అక్కడితో ముగిసిందని తేల్చేస్తారు. కానీ రెండోవాడుగా గీత దాటింది బెల్టు మ్యాచ్‌లెస్ మీద వచ్చిన చార్లీ కోలియర్. పోయించుకోకూడని చోట పెట్రోలు పోయించుకున్నాడని అతన్ని తర్వాత తప్పించారు. మూడేళ్ళకు, 1914లో, సిరిల్ పులిన్ సీనియర్ రేసు గెలిచిందీ బెల్టు బండి మీదే: రడ్జ్ మల్టీ. దాని లివర్ కదిపితే ఇంజిన్ పుల్లీ రెండు చెంపలూ విచ్చుకుని బెల్టు లోపలికి దిగేది. అదే కదలికకు వెనక పుల్లీ చెంపలు దగ్గరయ్యేవి కాబట్టి బెల్టు వదులయ్యేది కాదు. సీటు మీంచి లేవకుండానే నిష్పత్తి సుమారు 3.5 నుంచి 7 దాకా మారేది. ఇలాగే పుల్లీ మార్చుకునే జెనిత్ గ్రాడువాను కొండ పోటీల్లో కొన్ని క్లబ్బులు రానివ్వలేదు. కంపెనీ ఆ నిషేధాన్నే తన ముద్రగా వేసుకుంది!

వానలో జారదు కాబట్టి చివరికి చైనే నిలిచింది. దాంతో పోయిందల్లా ఆ సర్దుబాటు. గేర్‌బాక్సులో మెట్లుంటాయి, నిజమే. మెట్లన్నిటినీ ఒకేసారి కిందికి దించాలంటే మాత్రం స్ప్రాకెట్ మార్చాల్సిందే. అందుకే బ్రిటిష్ కంపెనీలు ఒంటి బండికి ఒకటి, సైడ్‌కారుకు తక్కువ పళ్ళది ఇంకొకటి ఇచ్చేవి. రేసులవాళ్ళూ పళ్ళు మార్చారు, కాదనను. అయితే బ్రూక్‌లాండ్స్ లాంటి ట్రాకు మీద వాళ్ళకు కావలసింది టాప్ స్పీడు. అది దీనికి ఎదురు దిక్కు.

మన దగ్గర 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్‌కు ఈ పని అంత సులువు కాదు. పాత బండి వెనక స్ప్రాకెట్, బ్రేకు డ్రమ్ము ఒకే పోత, 38 పళ్ళు. ముందుది మార్చాలంటే క్లచ్ విప్పాలి. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కి ఎడమవైపు కవరు తీస్తే చాలు. పికప్ పిచ్చి మన ఊళ్ళలో అంతగా పాకడానికి ఆ కవరు కూడా ఒక కారణమని నా అంచనా.

ఇప్పుడు ఈ మార్పుకు జరుగుతున్న ప్రచారం మితిమీరింది. ముందు 15, వెనక 45 పళ్ళుంటే నిష్పత్తి 3. ముందు 14 వేస్తే 3.21. లాగుడు 7 శాతం పెరుగుతుంది, ఇంజిన్ అంతే తిరిగినా బండి వేగం దాదాపు అంతే తగ్గుతుంది. పవర్ రవ్వంత కూడా పెరగదు. పైగా గేరు ముందే మార్చాల్సి వచ్చి, వచ్చిన లాభం ఆ మార్పులోనే పోవచ్చు. చిన్న స్ప్రాకెట్ మీద చైను ఎక్కువ వంగి త్వరగా అరుగుతుంది. స్పీడు గేర్‌బాక్సు దగ్గర లెక్కించే బళ్ళలో మీటరు ఎక్కువ చూపిస్తుంది, కుర్రాళ్ళు దాన్నే చూసి మురిసిపోతారు. కంపెనీలు నిష్పత్తి తక్కువగా ఉంచి గేరింగ్ బరువుగా పెట్టడంలో తప్పు లేదని కాదు. కొనేవాడు మొదట అడిగేది మైలేజీ కాబట్టి అలా పెడతాయి. వెనక మనిషినీ సామానునూ వేసుకుని లంబసింగి ఘాట్ ఎక్కేవాడికైతే ఒక పన్ను తగ్గించుకోమనే చెబుతాను. సిగ్నల్ దగ్గర పక్కవాణ్ణి దాటాలనుకునే కుర్రాడు మాత్రం ముందు సాగిపోయిన చైనూ, అరిగిన క్లచ్ ప్లేట్లూ మార్పించుకుంటే మంచిది.