అన్నమొల్లని బిడ్డలు – డబ్బాపిండ్లు

బిడ్డ అన్నము వలదని మొగము త్రిప్పుకొనుట నేటి వింత కాదు. చందమామను చూపి, బూచివానిని పిలిచి, కాకికొక ముద్ద పిచ్చుకకొక ముద్ద యని కథలల్లి తినిపించుట మన యిండ్లలో తరతరముల విద్య. ఆ విద్యకు వెల లేదు. కాని యన్నమొల్లని బిడ్డను చూచి తల్లి పడు దిగులునకు మాత్రము గడచిన నూటయేబది యేండ్లలో అంగడిలో వెల యేర్పడినది. అది యెట్లేర్పడెనో గృహస్థులు తెలిసికొనదగియున్నది.

ఈ చరిత్రకు మొదట దోషమేమియు లేదు. 19వ శతాబ్దమున ఐరోపా నగరములలో తల్లిపాలు లేని పసికందులకు శుభ్రమైన యావుపాలు దొరకుట దుర్లభముగా నుండెను. జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ 1865లో గోధుమపిండి, మాల్టు, పాలు చేర్చి శిశువులకొక యాహారమును కల్పించెను. 1867లో స్విట్జర్లాండునందు హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపిన పొడిని వెలువరించెను. ఇంగ్లండునుండి వలసవచ్చిన హార్లిక్ సోదరులు 1873లో చికాగోలో వ్యాపారమారంభించి, 1883లో మాల్టుపాలపొడికి పేటెంటు పొందిరి. ఈ పదార్థములన్నియు శిశువులకును రోగులకును ఉద్దేశింపబడినవే.

అయితే రోగులు కొందరు, ఆరోగ్యవంతులు పెక్కండ్రు. వర్తకుడు లెక్క నెరిగినవాడు. ఆరోగ్యవంతుడు మందు కొనడు గావున, ముందుగా వానికొక రోగమును చూపవలసి వచ్చెను. 1930 తరువాతి దశాబ్దమున బ్రిటనులో హార్లిక్సు ప్రకటనలు “రాత్రి యాకలి” యను నొక పేరును ప్రచారము చేసినవి. నిద్రలో శక్తి తరిగిపోవుననియు, అందుచేతనే ఉదయమున అలసట కలుగుననియు వాటి బోధ. ఆ రోగము వైద్యగ్రంథములలో లేదు, ప్రకటనలలోనే పుట్టినది.

పెద్దలకు భయము చూపిన వర్తకులు పిల్లలకు ఆశ చూపిరి. 1904లో బెర్ను నగరమున పుట్టిన ఓవల్టీను అమెరికాకు పోయి, 1931 మొదలు 1940 వరకు ‘లిటిల్ ఆర్ఫన్ యానీ’ యను రేడియో కథను పోషించెను. డబ్బానుండి తీసిన ముద్రరేకును పంపిన పిల్లలకు రహస్యసందేశములను విప్పు బిళ్ళలు బహుమానముగా వచ్చెడివి. పాలకూర తిని బలాఢ్యుడగు పొపాయి 1935లో రేడియోకెక్కగా, వ్యయము భరించిన గోధుమజావ కంపెనీవారి కొరకు పాలకూరను విడిచి ఆ జావనే తినవలసి వచ్చెను! కథానాయకుని కంచములోని కూరను సైతము ధనము మార్పగలిగినది.

అన్నమొల్లమి నిజముగా రోగమేనా? పుట్టినప్పటి బరువునకు ఏడాదిలో సుమారు మూడింతలగు బిడ్డ, రెండవయేట రెండు, రెండున్నర కిలోగ్రాములు మాత్రమే పెరుగును. పెరుగుదల తగ్గగా ఆకలియు తగ్గుట సహజము. ఆ వయసుననే క్రొత్త రుచులయెడ జంకును కలుగును. క్లారా డేవిస్ అను వైద్యురాలు 1926లో క్లీవ్‌లండునందారంభించిన పరిశోధనలో, అప్పుడప్పుడే పాలు మాన్పిన 15 మంది శిశువుల ముందు ముప్పదికి పైగా పదార్థములుంచి, తిను మనకయు వలదనకయు, వారు కోరినదానినే తిననిచ్చెను. వారు ఒకనాడు ఒకటి, మరునాడు మరియొకటి తినుచు చక్కగా పెరిగిరి. అయితే ఆ పదార్థములలో చక్కెర లేదు, డబ్బాలో నిలువచేసినది లేదు. ఎంత తినవలయునో బిడ్డకు విడిచి, ఏమి పెట్టవలయునో పెద్దలు నిర్ణయించుటయే అందలి కిటుకని 1939లో ఆమె స్పష్టముగా వ్రాసెను.

మన దేశమునకును ఈ కథతో సంబంధము కలదు. రాజమహేంద్రవరము చెంతనే హార్లిక్సు కర్మాగారము నెలకొనినది. ఇట్టి పొడులు ఏండ్లతరబడి “ఆరోగ్యపానీయము”లను పేర మన యిండ్లకు వచ్చినవి. 2024 ఏప్రిల్ 10న కేంద్ర వాణిజ్యశాఖ బోర్న్‌విటా మొదలగువానిని ఆ శీర్షికనుండి తొలగింపుడని ఆన్‌లైను వర్తకులకు తెలిపెను. ఏలయన 2006 నాటి ఆహారభద్రతా చట్టమున “ఆరోగ్యపానీయ”మను దానికి నిర్వచనమే లేదు. ఆ నెలలోనే హార్లిక్సువారును తమ పానీయపు వర్గమునకు పేరు మార్చుకొనిరి. పేరు మారినంత మాత్రమున పొడి మారునా?

ఇందు తల్లులను నిందింపబని లేదు. బిడ్డయెడ ప్రేమ యున్నచోటనే భయమమ్ముడుపోవును. ప్రేమ తప్పు కాదు. బిడ్డ బరువు తరిగినను, పెరుగుదల నిలిచినను వైద్యుని చూపవలయును, అంగడివాని నడుగరాదు. డబ్బా కొనుటకు ముందు దాని వెనుకనున్న చిన్న యక్షరములను చదువుడు. పదార్థముల పట్టికలో ఏది యెక్కువో అది ముందుండును. చక్కెర యెన్నవదో చూడుడు. రాగులను మొలకెత్తించి, యెండబెట్టి, విసరి జావ కాచు పద్ధతి మన వంటయిండ్లకు తెలిసినదే. మాల్టనగా నదియే గదా! ముందు ఇంటనున్నదానిని పెట్టుడు. బిడ్డ చాలుననినప్పుడు చేయి కడుగుడు. రేపు మరల ఆకలి యగును. ఆ యొక్కపూట ఓర్పునకు మాత్రము ఏ కంపెనీయు వెల కట్టజాలదు.