పీఠం మారింది, సర్టిఫికెట్ మారలేదు

మేడ్చల్, శామీర్‌పేటల నుంచి మేము పోయి చూసిన సెయింట్ జోసఫ్ కతీడ్రల్ హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఉంది. 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా వల్ల ఆ పేటకు ఆ పేరొచ్చింది. గుడిని 1870లలో కట్టారు. 1886లో హైదరాబాద్ మేత్రాసనం ఏర్పడింది, 1953లో అగ్రపీఠమైంది.

ఈ చరిత్రను గంటలతో, గోపురాలతో చెప్పడం అలవాటు. మనం అడగాల్సింది వేరే: బెంచీల మీద ఎవరు, పీఠం మీద ఎవరు? దేశంలోని కతోలికుల్లో ఎక్కువమంది దళితులేననీ, సంఘం లోపల అంటరానితనం ఉందనీ బిషప్పుల సమ్మేళనమే 2016 నాటి దళిత విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న ఈ పీఠం ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. ఆ హోదా అందుకున్న మొదటి దళితుడు, మొదటి తెలుగువాడు ఆయనే. అది చిన్న గెలుపేం కాదు.

మరి వాడలో ఏం మారింది? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. శామీర్‌పేటలో మాదిగ జ్ఞానస్నానం తీసుకుంటే ప్రభుత్వం లెక్కలో బీసీ-సి: ఒక్క శాతం వాటా. రిజర్వుడు సీటుకు నిలబడలేడు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం అక్కరకు రాదు. ఊరు మాత్రం అతన్ని మాదిగగానే చూస్తది.

కులం మతంతో పోదని ఊరికి తెలుసు, చట్టానికే తెలవదు. అందుకే చర్చి జ్ఞానస్నానం రిజిస్టర్నీ తహసీల్దారు ఇచ్చే కుల సర్టిఫికెట్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. అట్లా చదివితేనే కతీడ్రల్ చరిత్ర మన చరిత్ర అవుతుంది.